పాజిటివ్ అంటే ఏంటి? (పేట కబుర్లు – 23)



"అక్కా, బ్లడ్ క్యాన్సర్ అని తెలిసి కూడా అంత పాజిటివ్‌గా ఎలా ఉంటున్నావు?" అని మీలో చాలామంది అడుగుతుంటారు. హాస్టల్ పిల్లలు ఎక్కువగా అడుగుతారు. ఇంట్లో ఎవరికో ఆ జబ్బు వచ్చినవాళ్ళయితే మరీ ఆత్రంగా అడుగుతారు. వాళ్ళకి కావలసింది రేపు పొద్దున్న పనికొచ్చే మాట. అందుకే భూమి మీద రాస్తున్న భాగాల్ని ఈ వారం ఆపి ఇది రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది. ఓపిగ్గా చదవండి.

ముందొక తమాషా చెప్తాను. నా జబ్బుని ఖాయం చేసిన కాగితం మీద ఉన్న మాటే 'పాజిటివ్'. 2018 ఆగస్టు. అప్పటికి నాలుగు నెలలుగా ఒకటే నీరసం. ఎడమ డొక్కలో బరువు. రెండు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోయేది. టెక్కలిలో రక్తం చూపిస్తే తెల్లకణాలు 1,80,000 దాటాయన్నారు. మామూలు మనిషికి 11,000 దాటకూడదు. వాళ్ళు విశాఖ వెళ్ళమన్నారు. అక్కడ ఎముకలోంచి మూలుగు తీశారు, ఇంకో రక్త పరీక్ష కూడా చేశారు. వారం తర్వాత రిపోర్టు వచ్చింది: బి.సి.ఆర్ – ఏ.బి.ఎల్, పాజిటివ్. జబ్బు పేరు క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా. అప్పుడు నాకు 38 ఏళ్ళు. ఆ తర్వాత ఎదురుపడ్డ ప్రతి మనిషీ "పాజిటివ్‌గా ఉండు" అన్నారు. నేనప్పటికే పాజిటివ్, కాగితం మీద సంతకంతో సహా.

అమ్మకి ఇంగ్లీషు పేరు చెప్పలేదు. రక్తంలో తెల్లకణాలు ఎక్కువయ్యాయన్నాను. నౌపడ ఉప్పు మడుల్లో ముప్పై ఏళ్ళు ఉప్పు మోసిన మనిషి. కాసేపు ఆలోచించి, "ఎక్కువైతే మంచిదే గదే గుంటా. మనకి ఎప్పుడు ఏటి ఎక్కువైనాది?" అంది. ఆ రోజు నేను నవ్విన మొదటి నవ్వు అదే.

జబ్బు సంగతి కొంచెం చెప్తాను, ఎందుకంటే తెలియకపోతే భయం రెట్టింపవుతుంది. మన కణాల్లో 46 క్రోమోజోములుంటాయి. మూలుగులో ఉన్న ఒకానొక కణంలో 9వ క్రోమోజోమూ 22వ క్రోమోజోమూ చెరో ముక్క విరిగి, ఒకదాని ముక్క ఇంకోదానికి అతుక్కుంటాయి. ఆ అతుకు దగ్గర ఒక కొత్త జన్యువు తయారవుతుంది. అది కణాన్ని ఆగకుండా పెరగమంటుంది. మార్పు చెందిన ఆ పొట్టి క్రోమోజోముని 1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో ఇద్దరు శాస్త్రవేత్తలు గుర్తించారు. అందుకే దానికి ఆ ఊరి పేరే పెట్టారు. ముక్కలు మారడం వల్లే అది వస్తోందని 1973లో జానెట్ రౌలీ అనే శాస్త్రవేత్త తేల్చింది. ఇది అమ్మానాన్నల నుంచి రాదు. పిల్లలకి పోదు. ఒకరి నుంచి ఇంకొకరికి అంటుకోదు.

అంటుకోదు అని ఎందుకు నొక్కి రాస్తున్నానంటే, మా పేటలోనే రెండు ఇళ్ళల్లో నాకు గ్లాసు వేరే పెట్టారు. గ్లాసు వేరే పెట్టడం మనకి కొత్త కాదు. సొంత పేటలో చూడడం మాత్రం కొత్త. నేను కోప్పడలేదు. ఆ గ్లాసులోనే టీ తాగి, క్రోమోజోముల కథ అంతా చెప్పి వచ్చాను. మూడోసారి వెళ్ళేసరికి అందరి గ్లాసులతో పాటే నా గ్లాసూ వచ్చింది.

"ఏ జన్మలో ఏ పాపం చేసిందో" అన్నవాళ్ళూ ఉన్నారు. ఈ మాట మన జాతికి ముందే తెలుసు. మీరు ఊరి బయట ఎందుకున్నారంటే ఇదే సమాధానం చెప్పారు. ఇప్పుడు నెత్తురులో జబ్బు ఎందుకొచ్చిందన్నా అదే సమాధానం. రెండు చోట్లా అది అబద్ధమే. అంబేడ్కర్ని చదివినందుకు నాకు కలిగిన మొదటి లాభం ఇదేనేమో. జబ్బుతో పాటు నేరాన్ని కూడా మోయాల్సిన పని తప్పింది.

ఇక్కడే మన సభల గురించి ఒక మాట. మనవాళ్ళు మైకు పట్టుకోగానే "కులం క్యాన్సర్ లాంటిది" అంటారు. ముందు వరసలో కూర్చుని విన్నప్పుడల్లా నాకు ఇబ్బందిగా ఉంటుంది. నా ఒంట్లో రెండు క్రోమోజోములు తప్పుగా అతుక్కున్నాయి. ఎవరూ కావాలని అతికించలేదు. దానికి నా మీద పగ లేదు, నా కులం తెలియదు, నా పొలం అక్కర్లేదు. కులం అలా కాదు. దాన్ని మనుషులు తెలిసి తెలిసి, రోజూ పొద్దున్నే లేచి మరీ నడుపుతారు. 2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో అయిదుగురు దళితుల్ని చంపింది ఏ కణమూ కాదు. కాబట్టి కులాన్ని కులం అనే అనండి. క్యాన్సర్ ఉన్నవాళ్ళు మీ సభలో కూర్చుని ఉంటారు. వాళ్ళని ఆ పోలికలోకి లాగొద్దు.

ఇక మాత్ర సంగతి.

నేను రోజుకో మాత్ర వేసుకుంటాను. పేరు ఇమాటినిబ్, 400 మిల్లీగ్రాములు. భోజనం చేశాక, పెద్ద గ్లాసుడు నీళ్ళతో. ఆ తప్పుడు అతుకు వల్ల పుట్టే ప్రోటీన్‌ని పట్టుకుని పనిచేయకుండా అడ్డుకునే మందు ఇది. 2001 మే నెలలో అమెరికాలో దీనికి అనుమతి వచ్చింది. అంతకు ముందు ఈ జబ్బు వచ్చిన చాలామందికి మిగిలింది కొన్నేళ్ళే. ఇప్పుడు మందు బాగా పనిచేసినవాళ్ళు దాదాపు మామూలు ఆయుష్షు బతుకుతున్నారు.

కానీ మందు కనిపెట్టడం వేరు, అది భావనపాడు దాకా రావడం వేరు. స్విట్జర్లాండుకి చెందిన నోవార్టిస్ కంపెనీ దీన్ని గ్లివెక్ పేరుతో అమ్మింది. మన దేశంలో నెలకి సుమారు 1,20,000 రూపాయలు. 2003లో మన హైదరాబాదు కంపెనీ నాట్కో అదే మందుని వీనాట్ పేరుతో తెచ్చింది. ఇలా మన దేశంలో తయారైన మాత్రలు నెలకి ఎనిమిది, పది వేలకి వచ్చేవి. నోవార్టిస్ పేటెంట్ అడిగింది. క్యాన్సర్ రోగుల కోసం పనిచేసే క్యాన్సర్ పేషెంట్స్ ఎయిడ్ అసోసియేషన్, మన దేశపు మందుల కంపెనీలు అడ్డు చెప్పాయి. 2006 జనవరిలో చెన్నై పేటెంట్ ఆఫీసు ఆ దరఖాస్తుని తిరస్కరించింది. 2005లో సవరించిన పేటెంట్ చట్టంలో 3(డి) అని ఒక సెక్షన్ ఉంది. తెలిసిన మందునే కొంచెం రూపం మార్చి, రోగికి అదనపు మేలు చూపించకుండా మళ్ళీ పేటెంట్ అడిగితే ఇవ్వకూడదంటుంది. కంపెనీ ఆ సెక్షన్ మీదే మద్రాసు హైకోర్టుకి వెళ్ళి ఓడిపోయింది. చివరికి 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టులో జస్టిస్ ఆఫ్తాబ్ ఆలం, జస్టిస్ రంజనా ప్రకాశ్ దేశాయ్ ఇచ్చిన తీర్పుతో కేసు ముగిసింది. పేటెంట్ లేదన్నారు. ఈ మాత్ర పేదవాడి చేతికి అందే ధరలో ఉండడానికి ఆ తీర్పు పెద్ద కారణం.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ కంపెనీ మన దేశంలో వేలమందికి గ్లివెక్ ఉచితంగా ఇచ్చింది కూడా. ఆ మాత్రతో బతికినవాళ్ళున్నారు. వాళ్ళ బతుకు విలువ తగ్గించను. కానీ దయతో వచ్చింది ఇచ్చేవాడి ఇష్టం మీద ఆగిపోవచ్చు. హక్కుగా వచ్చినదాన్ని ఆపితే అడగొచ్చు. ఈ తేడా మనకి ఎవరూ నేర్పక్కర్లేదు.

నా మందు కార్డు మీద వస్తుంది. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదట మూడు జిల్లాల్లో మొదలైంది: మహబూబ్‌నగర్, అనంతపురం, మన శ్రీకాకుళం. ప్రభుత్వం మారినప్పుడల్లా పథకం పేరు మారింది. రాజీవ్ పోయి ఎన్టీఆర్, ఎన్టీఆర్ పోయి వైఎస్సార్, ఇప్పుడు మళ్ళీ ఎన్టీఆర్ వైద్య సేవ. మాత్ర మాత్రం అదే. గోడ మీద ఎవరి బొమ్మ ఉందో నా తెల్లకణాలకి పట్టదు.

అందుకే "నీ మనోధైర్యమే నిన్ను బతికించింది" అని ఎవరైనా నన్ను పొగిడితే ఒప్పుకోను. నా ధైర్యం వెనకాల ఒక మాత్ర ఉంది. ఆ మాత్ర వెనకాల ల్యాబుల్లో పనిచేసినవాళ్ళు, కోర్టుకెళ్ళినవాళ్ళు, చట్టంలో ఆ సెక్షన్ కోసం పట్టుబట్టినవాళ్ళు, సర్కారు ఆసుపత్రి కౌంటర్లో నా కాగితాలు ఓపిగ్గా అప్‌లోడ్ చేసే అమ్మాయి, ఇంతమంది ఉన్నారు. వీళ్ళందరినీ తీసేసి నా చిరునవ్వు ఒక్కదాన్నే మిగిల్చితే, ఆ చిరునవ్వు ఏడాది కూడా నిలిచేది కాదు.

ఈ సంగతి నాకు తిత్లీ తుపాను నేర్పింది. మందు మొదలుపెట్టిన రెండో నెల. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తీరం దాటింది. ఉద్దానమంతా కొబ్బరిచెట్లు నేలకి వాలిపోయాయి. మా వైపు కరెంటు లేదు, ఫోను లేదు, రోడ్డు మీద అడుగడుక్కీ చెట్టు. నా స్ట్రిప్పులో అయిదు మాత్రలు మిగిలాయి. మొదటి నెలల్లో మాత్ర తప్పకూడదని డాక్టరు గట్టిగా చెప్పారు. నేను ఎవరికీ చెప్పలేదు, ఊళ్ళో అందరిళ్ళూ ఎగిరిపోయి ఉంటే నా మాత్రల సంగతి ఎవరికి చెప్తాను? అమ్మ చెప్పింది. మా నైట్‌స్కూల్లో చదివిన ఇద్దరు కుర్రాళ్ళు, ఒకడు మన పేట పిల్లడు, ఒకడు భావనపాడు పల్లెకారుల పిల్లడు, సైకిలు చెట్ల మీదుగా ఎత్తి దించుకుంటూ టెక్కలి దాకా వెళ్ళారు. అక్కడ్నించి దొరికిన లారీ ఎక్కి విశాఖ. మూడో రోజు రాత్రి వచ్చారు. తడవకుండా మాత్రల్ని అన్నం క్యారేజీ గిన్నెలో పెట్టి మూత బిగించి తెచ్చారు. "అక్కా, లెక్క చూసుకో, ముప్పై ఉన్నాయి" అన్నాడు పల్లెకారుల పిల్లడు. నాలో ధైర్యం పుట్టిన రోజు ఏదని అడిగితే ఆ రోజే చెప్తాను. 2020 లాక్‌డౌన్‌లో బళ్ళు ఆగిపోయినప్పుడూ వాళ్ళే. అప్పటికి సైకిలు పోయి మోటారు సైకిలు వచ్చింది.

ఆసుపత్రి గురించి ఒకటి చెప్పాలి. మొదటి వారాల్లో వార్డులో నా పక్క మంచం మీద ఒక మామ్మ ఉండేది. పెద్ద భూములున్న ఇంటి మనిషి. ఆమెది వేరే రకం, అక్యూట్. ప్లేట్‌లెట్లు పడిపోయాయి. ప్లేట్‌లెట్లు అయిదు రోజులకి మించి నిలవ ఉండవు, అందుకే ఎప్పటికప్పుడు దాతలు కావాలి. కొడుకు బంధువులందరికీ ఫోన్లు చేశాడు. ఎవరికీ తీరిక లేదు. నేను మన హాస్టల్ పిల్లలకి ఫోన్ చేస్తే గంటన్నరలో ముగ్గురొచ్చారు. మామ్మ వాళ్ళని చూసి, అలవాటు కొద్దీ, "మీరేవోళ్ళు బాబూ?" అంది. ఒకడు వెంటనే, "బి పాజిటివోళ్ళం మామ్మగారూ" అన్నాడు. నర్సు నవ్వు ఆపుకోలేక బయటికెళ్ళిపోయింది. రాత్రి మామ్మ నన్ను మెల్లగా మళ్ళీ అడిగింది. నేను దాచకుండా చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. పైన సంచిలోంచి చుక్కలు పడుతూనే ఉన్నాయి.

నెత్తురుకి కులం లేదని మనం సభల్లో అంటాం. నెత్తురుని విడదీయాలని చూసినవాళ్ళూ ఉన్నారు. అమెరికాలో రెడ్‌క్రాస్ సంస్థ 1950 దాకా నల్లవాళ్ళ రక్తాన్ని, తెల్లవాళ్ళ రక్తాన్ని వేరు వేరుగా దాచింది. బ్లడ్ బ్యాంకులకి పునాది వేసిన డాక్టర్లలో ముఖ్యుడు చార్లెస్ డ్రూ నల్లజాతి మనిషి. ఆ విభజనకి శాస్త్రంలో ఆధారం లేదని ఆయన చెప్పాడు.

ఇప్పుడు కష్టమైన భాగం.

అదే వార్డులో సీతంపేట వైపు నుంచి వచ్చిన ఒక సవర కుర్రాడు ఉండేవాడు. ఇంటర్ రెండో ఏడాది. వాడిది అక్యూట్ మైలాయిడ్ ల్యుకేమియా. బ్లడ్ క్యాన్సర్ అన్నది ఒక జబ్బు కాదు, చాలా జబ్బులకి కలిపి ఉన్న పేరు. నాది నెమ్మదిగా నడిచేది, మాత్ర ఉన్నది. అక్యూట్ అలా కాదు. రోజులు లెక్కపెట్టి పరుగెత్తిస్తుంది. చిన్నపిల్లల్లో ఎక్కువగా వచ్చే లింఫోబ్లాస్టిక్ రకం సరైన వైద్యం అందితే చాలామందికి నయమవుతుంది. ఆ దారి తెరవడంలో మన తెలుగువాడి చెయ్యి ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో నడిపిన పరిశోధక బృందం తయారుచేసిన మందునే 1947 చివర్లో బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లలకి ఇచ్చాడు. పిల్లలు కొన్నాళ్ళపాటైనా కోలుకోవడం ప్రపంచం అప్పుడే చూసింది. ఆ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుతున్నారు. కానీ మా కుర్రాడి రకానికి అంత సులువైన దారి లేదు.

వాడు నాకంటే వెయ్యి రెట్లు పాజిటివ్. కీమో ఎక్కుతుంటే వార్డులో అందరికీ జోకులు చెప్పేవాడు. నెట్ లేకపోయినా ఫోన్లో దింపుకున్న పాఠాలు చూసుకునేవాడు. ఇల్లు కొండ మీద. ఊరి నుంచి ఆసుపత్రికి రావడమే ఒక రోజు పని. జ్వరం వస్తే గంటల్లో రావాలని చెప్పారు. అక్కడి నుంచి గంటల్లో ఎలా వస్తాడు? అయిదో నెలలో ఇన్ఫెక్షన్‌తో పోయాడు.

వాడు పాజిటివ్‌గా లేక పోయాడా? ఈ ప్రశ్న వేసుకోకుండా ఎవరూ ఎవరికీ ఆ సలహా ఇవ్వొద్దు. "ధైర్యంగా ఉంటే తగ్గిపోతుంది" అన్నామంటే, తగ్గనివాడికి ధైర్యం చాల్లేదని అన్నట్టే. చచ్చిపోయినవాళ్ళ మీద నింద వేసే మాట అది. మన పక్కన ఉద్దానం ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరులో కిడ్నీలు పాడైనవాళ్ళ ఇళ్ళకి నేను తిరిగాను. వాళ్ళని చిరునవ్వుతో ఉండమని చెప్పడం సులువు. వాళ్ళు ఏళ్ళ తరబడి అడిగితే డయాలసిస్ కేంద్రాలొచ్చాయి, హిరమండలం రిజర్వాయరు నుంచి పైపుల్లో నీళ్ళొచ్చాయి, 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. అడగడమే అక్కడ జనం చూపిన ఆశ.

మరి పూర్తిగా బతకడం అంటే? దీనికి నాకు దారి చూపించినవాళ్ళు కొందరున్నారు.

మీలో చాలామంది ఫానన్ పేరు విని ఉంటారు. మార్టినిక్ దీవిలో పుట్టిన నల్లజాతి డాక్టరు, అల్జీరియా స్వాతంత్ర్య పోరాటంలో పనిచేసినవాడు. 1960 చివర్లో ఆయనకి ల్యుకేమియా అని తేలింది. అప్పటికి ఇప్పటి మందులేవీ లేవు. తనకి ఎంత కాలం ఉందో డాక్టరుగా ఆయనకి తెలుసు. 1961లో కొద్ది నెలల్లో, చెబుతూ రాయిస్తూ, 'ద రెచెడ్ ఆఫ్ ది ఎర్త్' పూర్తి చేశాడు. ఆ ఏడాది డిసెంబరు 6న 36 ఏళ్ళకే చనిపోయాడు. డిసెంబరు 6 మనకేమిటో చెప్పక్కర్లేదు. అంతకి సరిగ్గా అయిదేళ్ళ ముందు, 1956లో అదే తారీఖున, బాబాసాహెబ్ పోయారు. షుగరు జబ్బుతో, కాళ్ళ నొప్పులతో, తగ్గిన చూపుతో కూడా ఆయన చివరి రోజుల దాకా 'ద బుద్ధ అండ్ హిజ్ ధమ్మ' పని చేస్తూనే ఉన్నారు. పోవడానికి రెండు నెలల ముందే నాగపూరులో లక్షలమందితో బౌద్ధం తీసుకున్నారు.

పాలస్తీనా కోసం గొంతెత్తిన ఎడ్వర్డ్ సయీద్‌కి 1991లో మామూలు చెకప్‌లో ల్యుకేమియా బయటపడింది. ఇంకా పన్నెండేళ్ళు బతికాడు. చికిత్స తీసుకుంటూనే తన బాల్యం గురించి పుస్తకం రాశాడు. 1999లో డేనియల్ బారెన్‌బోయిమ్‌తో కలిసి అరబ్బు పిల్లలూ ఇజ్రాయెల్ పిల్లలూ పక్కపక్కన కూర్చుని వాయించే ఆర్కెస్ట్రా మొదలుపెట్టాడు. నల్లవాళ్ళ హక్కుల కోసం 1968 ఒలింపిక్స్‌కి వెళ్ళనని నిరాకరించిన బాస్కెట్‌బాల్ ఆటగాడు కరీమ్ అబ్దుల్ జబ్బార్‌కి 2008లో వచ్చింది అచ్చంగా నా జబ్బే. ఆ తర్వాత కూడా పత్రికలకి రాస్తూ, జాతి గురించి మాట్లాడుతూ ఉన్నాడు.

వీళ్ళలో ఎవరూ జబ్బుని గెలవడమే తమ పని అనుకోలేదు. ముందు నుంచి చేస్తున్న పని ఉంది. దాన్ని ఆపలేదు. నేనూ అంతే, వాళ్ళంత పెద్ద పని కాకపోయినా.

నా రోజు ఎలా ఉంటుందో చెప్తాను. పొద్దున్న లేస్తే కళ్ళ చుట్టూ ఉబ్బు. మందు ప్రభావం. రాత్రిళ్ళు పిక్కలు పట్టేస్తాయి, అమ్మ లేచి కొబ్బరినూనె రాస్తుంది. డాక్టరు పంపరపనస తినొద్దన్నారు, మందుతో పడదట. పెరట్లో చెట్టు ఉంది, కాయలన్నీ పిల్లలకే. మూడు నెలలకోసారి నౌపడ జంక్షన్‌లో రైలెక్కి విశాఖ వెళ్ళి రక్తం ఇస్తాను. ఆ తప్పుడు జన్యువు ఎంత మిగిలిందో లెక్క చెప్తారు. మొదట్లో నాది 68 శాతం. ఏడాదిన్నరకి 0.08కి దిగింది. 0.1 కంటే తగ్గితే మంచి గుర్తు. ఇప్పటికీ రిపోర్టు వచ్చే ముందు రాత్రి నిద్ర పట్టదు. ఏడేళ్ళయినా పట్టదు. ఆ రాత్రి నేను పాజిటివ్‌గా ఉండను, భయపడతాను. అమ్మ పక్కన కూర్చుని ఉప్పు మడుల కాలం నాటి కబుర్లు చెబుతుంది. తెల్లారుతుంది.

మిగతా రోజులు నావి. సాయంత్రం నైట్‌స్కూలు. 41 ఏళ్ళ వయసులో లా డిగ్రీ పూర్తి చేశాను, అట్రాసిటీ కేసుల కాగితాలు ఇప్పుడు నేనే చదివి చెప్పగలను. అమ్మని నాగపూరు దీక్షాభూమికి తీసుకెళ్ళాను. జిల్లా దాటని మనిషి, రెండు రాత్రులు రైల్లో కిటికీ దగ్గర నుంచి కదల్లేదు. ఆ స్తూపం ముందు అంతమందిని చూసి, "ఇంతమందిమా మనం!" అంది. శీతాకాలం తేలినీలాపురానికి పిల్లల్ని తీసుకెళ్తాను, చింతచెట్ల మీద పెలికాన్లు గూళ్ళు కట్టుకుంటుంటే చూపించడానికి. అంత దూరం నుంచి వచ్చి, మన తంపర నేలల్లో చేపలు తిని, పిల్లల్ని పెంచుకుని పోతాయి. ఆ తంపర భూముల కోసమే కాకరాపల్లిలో 2011 ఫిబ్రవరిలో జనం ప్రాణాలిచ్చారని కూడా వాళ్ళకి చెప్తాను. ఆదివారం భావనపాడు ఒడ్డుకెళ్ళి, పడవలు దిగే వేళకి పీతలు బేరమాడి తెచ్చుకుంటాను. బేరంలో నాకు క్యాన్సర్ ఉందని ఎవరూ రూపాయి తగ్గించరు. అది నాకు బాగా నచ్చుతుంది.

ఒకటి మాత్రం మరవకండి. ఒళ్ళు బాగున్నంత మాత్రాన మాత్ర ఆపకూడదు. పక్క మండలంలో నాలాంటి జబ్బే ఉన్న ఒకాయన, బాగానే ఉన్నాను కదా అని మాత్ర మానేసి నాటు వైద్యానికి వెళ్ళాడు. ఏడాది తిరిగేసరికి జబ్బు ముదిరి తిరిగొచ్చింది. మానడమో మార్చడమో డాక్టరు చూసి చెప్పాలి. నెలలు గడిచినా తగ్గని నీరసం, ఊరికే జ్వరాలు, చిగుళ్ళ నుంచి రక్తం, ఒంటి మీద కమిలిన మచ్చలు, డొక్కలో బరువు ఉంటే రక్త పరీక్ష చేయించండి. అవన్నీ క్యాన్సరే అని కాదు, చూపించుకోవడం మంచిది. విశాఖలో కేజీహెచ్ ఉంది, అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఇంట్లో రేషను కార్డు, ఆధారు, ఆరోగ్య కార్డు ఒకే సంచిలో పెట్టుకోండి. జబ్బు తెలిసిన రోజు కాగితాలు వెతుక్కునే ఓపిక ఉండదు.

విద్యార్థులకి నా పని ఇది. 18 నిండి, 45 కిలోలు దాటి, ఆరోగ్యంగా ఉంటే రక్తం ఇవ్వండి. మగవాళ్ళు మూడు నెలలకోసారి, ఆడవాళ్ళు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. అంబేడ్కర్ జయంతికి ఒక్క రోజు ఇచ్చి ఫోటో దిగడం బాగానే ఉంటుంది. కానీ ఆసుపత్రికి ఏడాది పొడవునా కావాలి. ప్రతి హాస్టల్లో గ్రూపు, పేరు, ఫోను రాసిన పట్టీ ఒకటి గోడకి అంటించండి. మూలకణాల దానానికి పేరు నమోదు చేసుకోండి. బుగ్గ లోపల దూదిపుల్లతో రాస్తే చాలు. జన్యువుల పోలిక ఒకే సమూహంలో దొరికే అవకాశం ఎక్కువ. మన పేటల నుంచి, గిరిజన గూడేల నుంచి ఎవరూ నమోదు కాకపోతే మన రోగులకి దాత దొరకడం కష్టం. ఇంకొకటి: ఊరి నుంచి విశాఖ వచ్చే రోగికి తోడుగా వెళ్ళండి. ఏ కౌంటర్లో ఏ కాగితం ఇవ్వాలో తెలిసిన మనిషి ఒకడు పక్కనుంటే చాలు, రోగికి సగం భయం పోతుంది. "పాజిటివ్‌గా ఉండు" అనే మాటకి మీ కాళ్ళూ చేతులూ తోడైతేనే దానికి అర్థం.

వచ్చే ఆదివారం మళ్ళీ భూమి దగ్గరికి వద్దాం, లక్ష్మీపేట రెండో భాగం. విశాఖలో రక్తం ఇవ్వగలిగినవాళ్ళు మీ గ్రూపు నాకు పంపండి. ఈ వారం ఒక ఎనిమిదేళ్ళ పాపకి ఓ నెగటివ్ కావాలి.

జై భీమ్.